సమ్మె రోజు ఆటో

2022 మార్చి 28. కార్మిక సంఘాల రెండు రోజుల దేశవ్యాప్త సమ్మెలో మొదటి రోజు.

"సమ్మె కదా, బండి తీశారేంటి?" అంటే విశాఖ గాజువాకలో ఆటో పెద్దాయన వెనక సీట్లో చుట్టి పెట్టిన ఎర్ర జెండా చూపించాడు. "ఊరేగింపుకే బాబూ. దారిలో ఒకరిద్దరు ఎక్కితే డీజిల్ ఖర్చయినా వస్తుంది."

నవ్వాలో లేదో తెలియలేదు.

నిరుడు నవంబరు 4 నుంచి కదలని పెట్రోలు, డీజిల్ ధర, అయిదు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు వచ్చాక మార్చి 22 నుంచి మళ్లీ పైకి. దాదాపు రోజూ ఎనభై తొంభై పైసలు. ఎక్సైజ్ సుంకం తగ్గించమని కార్మిక సంఘాలు. ధర నిర్ణయించేది చమురు కంపెనీలని, బయట దేశాల్లో క్రూడ్ (ముడిచమురు) ధర మండుతోందని ప్రభుత్వం. క్రూడ్ మండుతున్నమాట నిజమే. ఫిబ్రవరిలోనూ మండింది మరి! అప్పుడు కంపెనీలు ఓట్ల లెక్కలో బిజీ కాబోలు.

ఇక్కడి జెండాల్లో స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణ గొడవే ఎక్కువ వినిపించింది. పెట్రోలు వంతు ఆ తర్వాతే. రేపూ సమ్మే. ఎల్లుండి నుంచి ఆటో చార్జీ పెంచుతానని పెద్దాయన ముందే చెప్పేశాడు.