గుండెల్లో రైళ్ళు, కడుపులో సీతాకోకచిలుకలు

మా పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగు నిండాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఇంగ్లీషు. పాపకి తెలుగు బాగానే అర్థమవుతుంది, తిరిగి మాట్లాడమంటేనే బద్ధకం. కిందటి చలికాలం రోజూ పొద్దున్నే బడికి బయల్దేరే ముందు "టమ్మీ హర్ట్స్" అనడం మొదలుపెట్టింది. ఎక్కడే అంటే అరచేత్తో పొట్టంతా గుండ్రంగా రాసి చూపించేది. ఎలాంటి నొప్పి అంటే "జస్ట్ హర్ట్స్" అనేది. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు కడుపునొప్పంటే చాలు, వరసపెట్టి అడిగేది: మెలిపెడుతోందా, పోటు పొడుస్తోందా, దేవుతోందా, మంటా, ఉబ్బరమా? ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి నేనూ ఒక్క క్షణం ఆగి నా కడుపు ఏమంటోందో వినేదాన్ని. మన భాషలో నొప్పి ఎన్ని రకాలో చూడండి. కాళ్ళు పీకుతాయి, పుండు సలుపుతుంది, పళ్ళు జివ్వుమంటాయి, గాయం చుర్రుమంటుంది, నరం గుంజుతుంది, మెడ పట్టేస్తుంది, తల దిమ్ముగా ఉంటుంది. మా పాపకి వీటన్నిటికీ కలిపి ఒక్క 'హర్ట్స్'. దాన్ననడానికేముంది, నేను మాత్రం హడావుడిలో "నొప్పా?" అని అడిగి ఊరుకోవడం తప్ప ఇంకో మాట ఎప్పుడు వాడాను కనక?

కూర్చోబెట్టి మాటలు నేర్పితే వినదని తెలుసు. ఏదో పార్సిల్‌లో వచ్చిన గోధుమరంగు కాగితం చుట్ట ఉంటే హాల్లో పరిచి, పాపని దాని మీద పడుకోబెట్టి, చుట్టూ మార్కర్‌తో గీత గీశాను. గీత చంక దగ్గరికి వచ్చేసరికి ఒకటే చక్కిలిగింతలు, మెలికలు తిరిగిపోయింది. నవ్వుతూనే "ఆపు" అంది. మార్కర్ ఎత్తేశాను. నవ్వుతూ అన్నా ఆపు అంటే ఆపాలి, అది మా ఇంట్లో అందరికీ రూలు, తాతయ్యతో సహా. కాసేపాగి "ఇప్పుడు గియ్యి" అని అదే చెప్పింది.

బొమ్మని తలుపు వెనక అతికించి పేర్లు రాయడం మొదలుపెట్టాం. కణత దగ్గర దాని ఇంగ్లీషు పేరు గుడికి వాడే మాటే అని చెబితే పడీపడీ నవ్వింది. మణికట్టు, ముంజేయి, పిక్క, చీలమండ అయ్యాక ముచ్చిలిగుంట వచ్చింది. మెడ వెనక తల మొదలయ్యే చోట చిన్న గుంట ఉంటుందే, అదన్నమాట. "దీనికి స్కూల్లో పేరే లేదు" అని వారం రోజులు ఇంటికొచ్చిన వాళ్ళందరి మెడలూ తడిమి చూసింది (ముందు అడిగేలే).

ఇక్కడొక ఇబ్బంది వచ్చింది. బడిలో ప్రైవేటు భాగాల పేర్లు చక్కగా, మామూలుగా నేర్పారు. వాటికి తెలుగులో ఏమంటారని అడిగింది. మనకి మిగిలినవి రెండే రకాలు, ఒకటి బూతు, రెండోది సైన్సు పుస్తకం. మధ్యలో ఇంట్లో వాడుకునే మాటే లేకుండా "షేమ్ షేమ్" ఒకటి పెట్టుకున్నాం, నాకు అది అన్నిటికన్నా అన్యాయంగా అనిపిస్తుంది, ఒంట్లో ఒక భాగం పేరే సిగ్గు ఎలా అవుతుంది? రేపు దానికి అక్కడ నొప్పో మంటో వస్తే, ఎవరైనా తాకితే, చెప్పడానికి ఒక మాట కావాలి కదా. అందుకే బడిలో నేర్పిన ఇంగ్లీషు పేర్లే తెలుగు వాక్యంలో పెట్టి వాడుతున్నాం, మోచేయి అన్నంత మామూలుగా. వీడియో కాల్‌లో ఒకసారి విని మా అమ్మ ఉలిక్కిపడింది. మెల్లగా అలవాటైంది.

ఆ తర్వాతే అసలు సరదా. భయమేస్తే ఎక్కడ తెలుస్తుందో గియ్యమన్నాను. పొట్టలో మూడు సీతాకోకచిలుకలు వేసింది, బడిలో విన్న మాట. "తెలుగులో అయితే సీతాకోకచిలుకలుండవు, గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి" అన్నాను. నోరు తెరుచుకుని చూసింది. "ఎన్ని బోగీలు?" అంది. నాకు మాత్రం ఏం తెలుసు! పక్కటెముకల మీదుగా పట్టాలు వేసి, మెడ దగ్గర స్టేషన్ పెట్టింది. కోపానికి అరికాలి మంట నెత్తికెక్కుతుందంటే మడమ నుంచి మాడు దాకా ఎర్ర క్రేయాన్ అరిగిపోయేలా రుద్దింది. తల ప్రాణం తోకకి రావడం దగ్గర మాత్రం వాదనకి దిగింది, "నాకు తోక లేదు కదా?" అని. నీకు లేదే, మీ తమ్ముడి వెనక పరిగెత్తీ పరిగెత్తీ నాకు మొలిచింది అన్నాను. మర్నాడు పక్కన నా బొమ్మ వెలిసింది, తోకతో.

ఇదంతా నా సొంత పైత్యం అనుకున్నాను కానీ, ఫిన్లాండ్ పరిశోధకులు ఇంచుమించు ఇదే పని చేసి 2014లో ప్రచురించారట. 701 మందికి ఖాళీ మనిషి బొమ్మలిచ్చి, ఏ భావానికి ఒంట్లో ఎక్కడ చురుకుదనం పెరిగిందో, ఎక్కడ తగ్గిందో రంగులేయమన్నారు. యూరప్ వాళ్ళూ తైవాన్ వాళ్ళూ వేసినవి చాలావరకు కలిశాయి. కోపానికి తల, ఛాతీ, చేతులు భగ్గుమన్నాయి. ఒళ్ళు మండిపోతోంది అని మనం ఊరికే అనడం లేదన్నమాట.

బాబుది ఇంకో లోకం. వాడు గీసే మనుషులకి ఒంటి జోలే లేదు, గుండ్రటి తల, దాని నుంచే కాళ్ళు, దాని నుంచే చేతులు, చేతులకి చాటంత వేళ్ళు. మా ఆయన పెన్సిల్ అందుకుని "పొట్ట ఏదిరా?" అని దిద్దబోతే ఆపాను. మూడు నాలుగేళ్ళప్పుడు చాలామంది పిల్లలు అలాగే గీస్తారు, తలకాయకి కాళ్ళొచ్చిన కప్పపిల్లల్లాగా. దిద్దితే ఒంటి గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు, తనకి బొమ్మలు రావని మాత్రం తెలుస్తుంది. అయినా ఆ పెద్ద చేతుల్లో తప్పేముంది? ఒంట్లో ఏ భాగం స్పర్శకి మెదడులో ఎంత చోటుందో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ 1937లో పటం గీస్తే, పెదాలకీ చేతులకీ బోలెడంత, వీపుకి ఇంతే. వాడితో ఆడేది ఒక్కటే ఆట: కళ్ళు మూసుకుని రెండు చూపుడువేళ్ళ కొసలూ కలపాలి. చూడకుండానే చెయ్యి ఎక్కడుందో ఎలా తెలిసిందిరా అంటే, "చెయ్యే చెప్పింది" అన్నాడు.

రంగులేసే రోజు మాత్రం నాకు గుండె చివుక్కుమంది. పాప తన బొమ్మ మొహానికి లేత గులాబీ క్రేయాన్ తీసింది. "ఇది స్కిన్ కలర్" అంది. ఆ పేరు పెట్టె మీద ఎక్కడా లేదు. క్రేయాన్లు చేసే క్రేయోలా కంపెనీ వాళ్ళు ఆ రంగుకి 'ఫ్లెష్' అనే పేరు తీసేసి 'పీచ్' అని మార్చింది 1962లో, 24 రకాల ఒంటి రంగుల పెట్టె తెచ్చింది 2020లో. పేరు పోయినా పిల్లల నోళ్ళలో ఇంకా తిరుగుతోంది. ఇటు చూస్తే మన బంధువులు, ఫోన్‌లో చూసి "కాస్త రంగు తగ్గిందేమే" అంటారు. ఎవర్ననాలి?

నీళ్ళ రంగులు తీశాను. పసుపు, ఎరుపు కలిపితే నారింజ వచ్చింది. బ్రష్ కొసతో నీలం బొట్టు తగిలిస్తే మట్టిరంగు. పాప ముంజేయి కాగితం పక్కన పెట్టి చూస్తే ఇంకా ఎరుపెక్కువ. పసుపు కలిపాం, మరీ పచ్చబడింది, మళ్ళీ నీలం. పదకొండోదో పన్నెండోదో చుక్క వేసేసరికి చేతికీ కాగితానికీ తేడా కనిపించడం మానేసింది. "దీని పేరేంటి?" చామనఛాయ అన్నాను. రెండుసార్లు అనుకుంది, చా-మ-న-ఛా-య, అనుకుంటూ చెయ్యి తిరగేసింది. అరచెయ్యి వేరే రంగు! మళ్ళీ మొదటికొచ్చాం. గోళ్ళ కింద ఇంకోటి, మోచేతి మీద ఇంకోటి. ఆ సాయంత్రం ఒక్క చేతికే ఏడు రంగులు కలిపాం, మొహం దాకా రానేలేదు. ఇప్పటికీ ఆ బొమ్మకి మొహం ఖాళీయే.

పొద్దుటి కడుపునొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఒకరోజు బూట్లు వేసుకుంటూ ఆగి, "అమ్మా, రైలు వచ్చింది" అంది తెలుగులో. ఎక్స్‌ప్రెస్సా, ప్యాసింజరా అన్నాను. కళ్ళు మూసుకుని చూసుకుంది. "గూడ్సు. చాలా పొడుగు." ఎందుకొచ్చిందే అంటే, క్లాసులో నిలబడి గట్టిగా చదవాలట, ప్రతి వారం, ఇన్నాళ్ళూ చెప్పలేదు. గూడ్సు బండి కదా, త్వరగా పోదు. బస్సు వచ్చేదాకా గుమ్మంలో పక్కపక్కన కూర్చుని బోగీలు లెక్కపెట్టాం.