లేని దేశానికి లీగ్

మా అక్క కొడుకు వేసవి సెలవులకు అనంతపురం వచ్చి ఏకంగా ఒక దేశాన్నే కనిపెట్టాడు. లాంగ్ నోట్‌బుక్‌లో మ్యాప్, జెండా, పైగా ఆ దేశానికో ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్! "షెడ్యూల్ నువ్వే వెయ్యాల మామా" అన్నాడు.

ఎనిమిది జట్లే కదా, ఐదు నిమిషాల పని అనుకున్నా. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో సొంతూర్లో ఒకటి, బయట ఒకటి ఆడాలంటే 14 ఆటలు. మొత్తం 56. రెండు రాత్రులు రాస్తూ కొట్టేస్తూ కూర్చున్నా. అయినా ఒక వారం ఒకే జట్టుకు రెండు మ్యాచ్‌లు పడ్డాయి, వాడే పట్టుకున్నాడు. (ఆఫీసులో డ్యూటీ చార్టులు వేసేది నేనే, నవ్వకండి.)

ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలట. వాడు మిద్దె మీద టేపు పరిచి చూపించాడు. 9 మీటర్ల 14 సెంటీమీటర్లు, నీళ్ల ట్యాంకు నుంచి అమ్మ వడియాలు పెట్టిన చీర దాకా. "ఇంతేనా?" అన్నా.

"ఎదురుగా 11 మంది తోస్తా ఉంటే పో చూద్దాం!"

పోయి చూశా. వాడొక్కడే అడ్డం. మూడో ప్రయత్నానికే వడియాల్లో పడ్డా.

నిన్న బస్సెక్కించా. దిగీదిగగానే ఫోన్: "నేనొచ్చేదాకా ఫైనల్ ఆడించొద్దు మామా."