ఇసుక కాలమ్‌లో బ్యాక్టీరియా: మూడు నెలల నా తిప్పలు

నిన్న సాయంత్రం మూడు కాలమ్‌ల (ఇసుక నింపిన గొట్టాల) బ్రేక్‌త్రూ కర్వ్‌లు, అంటే పైనుంచి పంపింది కింద ఎప్పుడు ఎంత బయటికొచ్చిందో చూపే గ్రాఫ్‌లు, ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు వచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి నిజంగా, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

నా పని ఏంటంటే ఈ.కోలై ఇసుకలోంచి ఎంత బయటికొస్తుంది, ఎంత లోపలే అతుక్కుపోతుంది అని చూడటం. మురుగులోని బ్యాక్టీరియా భూగర్భ జలాల్లో ఎంత దూరం పోగలదో ఇలాంటి కాలమ్‌లతోనే అంచనా వేస్తారు. ఇసుకని యాసిడ్‌తో కడగడం, బుడగలు లేకుండా నీళ్లలోనే నింపడం, బ్రోమైడ్ ట్రేసర్ (ఇసుకకి అతుక్కోకుండా నీళ్లతో పాటే పోయే ఉప్పు, నీటి దారి చూపించడానికి) పంపడం, ఇవన్నీ వారంలో అయిపోయాయి.

అసలు బాధ ఆ తర్వాతే. అదే స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం), అదే ఇసుక, అదే 1 మిల్లీమోలార్ గాఢత ఉన్న పొటాషియం క్లోరైడ్ ఉప్పునీళ్లు, ఒకసారి పంపిన కణాల్లో 80 శాతం బయటికొస్తే ఇంకోసారి 45 శాతమే. ల్యాబ్ మీటింగ్‌లో మా గైడ్ ఆ గ్రాఫ్ చూసి, కొత్తగా చేరిన జూనియర్ల ముందే, "కాలమ్‌లో ఇసుక నింపడం కూడా రాదా నీకు?" అనేశారు. ట్రేసర్ ప్రతిసారీ ఒక పోర్ వాల్యూమ్ (ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో పట్టేంత నీళ్లు) దగ్గరే వస్తోందంటే ప్యాకింగ్ బానే ఉన్నట్టు కదా, ఆ కర్వ్ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది, కానీ నోరు పెగల్లేదు. ఆ మాట పట్టుకుని ఇంకో ఆరు వారాలు ఇసుకే కడిగా, కాలమ్‌లే విప్పి మళ్లీ నింపా. పిల్లల్ని అనేముందు డేటా మొత్తం అడగాలండి, అది గైడ్ బాధ్యత. ఒక్క ప్రశ్న అడిగుంటే ఆ ఆరు వారాలు నాకు మిగిలేవి.

చివరికి మా సీనియర్ అక్క నా నోట్‌బుక్ తిరగేసి "ఏ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతున్నావమ్మా?" అంది. కల్చర్‌లోంచి, అంటే బ్యాక్టీరియాని పెంచిన ద్రవంలోంచి, కణాల్ని అడుక్కి చేర్చి వేరుచేయడానికి గిర్రున తిప్పే మెషీన్ అది. ఏది ఖాళీగా ఉంటే దాంట్లోనే అన్నా. ల్యాబ్‌లో రెండున్నాయి, రెండింటికీ 8,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) అనే రాసుకున్నా. చిన్నదాని రోటర్ రేడియస్ 8 సెంటీమీటర్లు, పెద్దదానిది 15. లెక్కేస్తే ఒకటి సుమారు 5,700 జీ (భూమి ఆకర్షణకి అన్ని రెట్ల బలం), రెండోది 10,700 జీ! అంత బలంగా అడుక్కి నొక్కితే కణం పైనున్న ఫింబ్రియే (వెంట్రుకల్లాంటి సన్నని పోగులు), పాలిమర్లు ఊడిపోవచ్చు, అతుక్కోవడమంతా ఆ పైపొర మీదే కదా ఆధారపడేది. జీటా పొటెన్షియల్ (కణం పైపొర చార్జ్‌కి గుర్తు) కొలిస్తే రెండు బ్యాచ్‌లకీ తేడా స్పష్టంగా కనిపించింది, కణాలు నూనెవైపు ఎంత పోతాయో తెలియడానికి హెక్సాడెకేన్ అనే నూనెలాంటి ద్రవంతో కలిపి ఊపి, నీళ్ల ఓడీ (మసక) ఎంత తగ్గిందో చూసినా అంతే.

కాబట్టి ఆర్‌పీఎమ్ రాయకండి, జీ రాయండి. కల్చర్ కూడా ప్రతిసారీ అదే దశలో తీయండి, పెరిగే దశలో ఉన్న కణానికీ ఆగిపోయిన కణానికీ పైపొర ఒకేలా ఉండదు.

ఒకే మెషీన్, ఒకే జీ పెట్టాక ఉప్పు గాఢత 100 మిల్లీమోలార్‌కి పెంచి ఇంకో రన్ కూడా చేశా, దాదాపు అన్నీ లోపలే అతుక్కున్నాయి. ఇసుక, కణం రెండూ నెగటివ్ చార్జే, వాటిని దూరంగా ఉంచే ఆ చార్జ్ పొర 1 మిల్లీమోలార్‌లో 10 నానోమీటర్ల దాకా ఉంటుంది, 100లో 1కి పడిపోతుంది. పుస్తకంలో చదివింది నా చేతుల్లో జరిగింది, మా ల్యాబ్‌లో ఇంత దగ్గరగా కలిసిన రెప్లికేట్లు (ఒకే ప్రయోగాన్ని మళ్లీ చేసిన ఫలితాలు) ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు.

సోమవారం మళ్లీ మీటింగ్ ఉంది. ఈసారి ట్రేసర్ కర్వ్ మొదటి స్లైడ్‌లోనే పెడుతున్నా.