నా సాక్ష్యం ఇంతే

చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు తమకేం చేశాడో చెప్పమంటే, చాలామంది స్వస్థత గురించే చెబుతారు. నా దగ్గర అది లేదు, నాన్న బతకలేదు.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి, ఐసీయూ బయట పదకొండు రాత్రులు. మొదట్లో నేను చేసింది ప్రార్థన కాదు, బేరం. నాన్నని లేపితే ప్రతి ఆదివారం చర్చికి వస్తానని దేవుడికి మాటిచ్చాను. అమ్మ మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని 121వ కీర్తన చదువుతూనే ఉండేది, ఎనిమిదే వచనాలు, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి, మనల్ని కాపాడేవాడు నిద్రపోడు అన్నచోట గొంతు పూడుకుపోయేది. ఒక రాత్రి పక్క కుర్చీలోని పెద్దావిడ, వాళ్లు ముస్లింలు, "మా ఆయన కోసం కూడా చదువమ్మా" అని అడిగింది. అమ్మ ఆయన పేరు కూడా చేర్చి ప్రార్థన చేసింది.

అది విన్నాక నా బేరం నాకే సిగ్గనిపించింది. మొదటిసారి ఏమీ అడగకుండా "ప్రభువా, నువ్వు మాతో ఉండు, చాలు" అన్నాను. టెన్షన్ తగ్గలేదు, కానీ ఒంటరిగా ఉన్నానన్న భయం పోయింది, నాన్నని సమాధి చేసిన రోజు కూడా అది తిరిగి రాలేదు. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ డిసెంబరులో మెదక్ చర్చికి వెళ్లాం, నాన్నకి చాలా ఇష్టమైన చోటు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన గుడి అది, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. అమ్మ బల్ల మీద కూర్చుని అదే కీర్తన తెరిచింది. ఈసారి నేనూ గొంతు కలిపాను.