మారిషస్ వెళ్తే ముందు ఆ మెట్ల దగ్గరికి వెళ్ళండి

మారిషస్ అనగానే అందరికీ బీచ్‌లే గుర్తొస్తాయి. పోయిన ఆగస్టులో మేం ఐదు రోజులు ఉండి వచ్చాం. సముద్రం బాగుంది, కాదనను. కానీ ఎవరు ప్లాన్ అడిగినా నేను ముందు చెప్పేది రాజధాని పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ గురించే.

బయటి నుంచి చూస్తే ఇదేనా అనిపిస్తుంది. పక్కనే హైవే, ఆగకుండా బళ్ళు. లోపల నల్లరాతి గోడలు, అప్పటి ఆస్పత్రిలో మిగిలిన కాస్త భాగం, ఆ తర్వాత రేవు మెట్లు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి ఈ దీవికి వచ్చారు. 1849లో ఇక్కడ వలస కూలీల కోసం డిపో కట్టాక, ఓడ దిగినవాళ్ళు ఈ మెట్లే ఎక్కారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని అక్కడ మనవాళ్ళను 'కోరంగీలు' అనేవారు. ఆ మాట విన్నాక నాకు కాసేపు గొంతు పెగల్లేదు. వంగి ఒక మెట్టును దగ్గరగా చూశాను. అగ్నిపర్వతపు రాయి, ఒళ్ళంతా సన్నటి చిల్లులు. ఎన్ని వేల పాదాలు పడ్డాయో దాని మీద!

షామరెల్‌లో రంగురంగుల మట్టి దిబ్బలు కూడా చూశాం. ఎండ ఉన్నప్పుడు వెళ్ళండి, మబ్బు పడితే రంగులు వెలిసిపోయినట్టుంటాయి.

రెండోది మాత్రం వదలొద్దు, ల మోర్న్ కొండ. 556 మీటర్ల ఎత్తు. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాక్కున్నది ఇక్కడే. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తే, పట్టుకుపోవడానికే వచ్చారనుకుని కొందరు పైనుంచి దూకేశారని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ బానిసల బదులు తోటల్లో పనికి తెచ్చింది మనవాళ్ళనే. అందుకే ఆ మెట్లు చూసినవాళ్ళు ఈ కొండ కూడా ఎక్కాలంటాను.

తెల్లవారుతూనే బయల్దేరండి. మొదట్లో మామూలు బాటే, పైకెళ్ళేకొద్దీ చేతులు కూడా వాడాలి. దారిలో ఒక పొద దగ్గర ఆగాం. జుంకాల్లా వేలాడే ఎర్రటి పూలు. మారిషస్ జాతీయ పుష్పం, అడవి మొక్కగా ఈ ఒక్క కొండ మీదే బతుకుతోంది. కోయకుండా కిందనుంచి తొంగి చూశాను. లోపల తేనె కూడా ఎర్రగానే ఉంది.