ఓఎస్‌పీఎఫ్ ల్యాబ్ లాగ్: ఎక్స్‌టర్నల్ రూట్ ఏరియాలు దాటేది ఎలా

ఓఎస్‌పీఎఫ్ అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్, ఎక్స్‌టర్నల్ రూట్ అంటే దాని బయటి నుంచి తెచ్చి కలిపిన దారి. నెట్‌వర్క్‌ని ఏరియాలుగా విడగొట్టి (0 అనేది మధ్యలోది) చేసిన మల్టీ ఏరియా ల్యాబ్ ఒక కొలిక్కి వచ్చింది, మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా. సెటప్ పెద్దదేం కాదు, ఒక లైనక్స్ మెషీన్ మీద నేమ్‌స్పేస్‌లు (విడివిడి మెషీన్లలా పనిచేసే నెట్‌వర్క్ గదులు), ఒక్కోదాంట్లో ఒక ఎఫ్ఆర్ఆర్ (రౌటర్ సాఫ్ట్‌వేర్). ఆర్1 ఏరియా 1 లోపల ఉంది, ఆర్2, ఆర్5 రెండూ ఏరియా 1కీ 0కీ మధ్య ఏబీఆర్‌లు (ఏరియాల సరిహద్దు రౌటర్లు), ఆర్3 ఏమో 0కీ 2కీ మధ్య, ఆర్4 ఏరియా 2 లోపల. లింక్ కాస్ట్ అన్నిటికీ 10, ఆర్5కి తగిలే లింకులకి మాత్రం 50. రౌటర్ ఐడీలు 1.1.1.1, 2.2.2.2 ఇలా వరసగా ఇచ్చా, డేటాబేస్ చదివేటప్పుడు ఎవరిది ఏదో వెంటనే తెలుస్తుంది.

ఆర్1లో 203.0.113.0/24కి ఒక బ్లాక్‌హోల్ స్టాటిక్ (చేతితో రాసిన, ప్యాకెట్లని పారేసే రూట్) వేసి, దాన్ని ఓఎస్‌పీఎఫ్‌లో కలిపే రీడిస్ట్రిబ్యూట్ స్టాటిక్ కొట్టగానే ఆర్1 ఏఎస్‌బీఆర్ (బయటి రూట్లు తెచ్చే రౌటర్) అయింది, బయటి రూట్ గురించి చెప్పే టైప్ 5 ఎల్ఎస్ఏ (రౌటర్లు పంచుకునే సమాచార రికార్డు) పుట్టింది. దాన్ని ఆర్2లో ఒకసారి, ఆర్4లో ఒకసారి చూసి పక్కపక్కన పెట్టి పోల్చా. అడ్వర్టైజింగ్ రౌటర్ రెండు చోట్లా 1.1.1.1, మెట్రిక్ 20, ఫార్వర్డింగ్ అడ్రస్ (ప్యాకెట్లు ఎటు పంపాలో చెప్పేది, సున్నాలైతే ఎల్ఎస్ఏ వేసిన రౌటర్‌కే అని) 0.0.0.0, సీక్వెన్స్ నంబర్ అదే, చెక్‌సమ్ కూడా అదే (ఏజ్‌ని చెక్‌సమ్ లెక్కలో కలపరు). మారింది ఏజ్ ఒక్కటే. అంటే మధ్యలో ఉన్న ఏబీఆర్‌లు దాన్ని ముట్టుకోకుండా అలాగే పాస్ చేసేస్తున్నాయి.

మరి ఆర్4కి 1.1.1.1 ఎక్కడుందో ఎలా తెలుస్తుంది, అది ఉన్నది వేరే ఏరియాలో కదా. దానికే టైప్ 4 ఎల్ఎస్ఏ, ఏఎస్‌బీఆర్ తన నుంచి ఎంత దూరమో ఏబీఆర్ చెప్పేది. ఏరియా 0లో రెండు కనపడ్డాయి, "1.1.1.1కి నా నుంచి 10" అని ఆర్2ది, 50 అని ఆర్5ది. ఆర్3 అందులో తక్కువది తీసుకుని తన కాస్ట్ 10 కలిపి ఏరియా 2లోకి తన పేరు మీద 20 అని కొత్తది వేసింది. టైప్ 5 చెక్కుచెదరకుండా ఊరంతా తిరుగుతుంది, టైప్ 4 మాత్రం ప్రతి ఏబీఆర్ దగ్గర మళ్ళీ పుడుతుంది. లింక్ స్టేట్ అని పేరే గానీ ఏరియాల మధ్య నడిచేది డిస్టెన్స్ వెక్టర్ (పక్కవాడు చెప్పిన దూరానికి మనది కలుపుకోవడం) వ్యవహారమే.

తర్వాత ఈ1, ఈ2, అంటే బయటి రూట్ మెట్రిక్‌లో రెండు రకాలు: ఈ1లో లోపలి దారి ఖర్చు కూడా కలుస్తుంది, ఈ2లో కలవదు. డిఫాల్ట్ ఈ2 కాబట్టి ఆర్4లో కూడా మెట్రిక్ 20 గానే కనిపించింది, ఈ1కి మారిస్తే 10+20 దారి ఖర్చు, దాని మీద 20, మొత్తం 50 అయింది. ఈ2 మొండితనం చూడాలనిపించి మళ్ళీ ఈ2కి తెచ్చి, ఆర్4 పక్కనే ఆర్6 అని ఒకటి తగిలించి అదే ప్రిఫిక్స్ మెట్రిక్ 21తో ఇప్పించా. ఒక్క హాప్‌లో ఉన్నదాన్ని వదిలేసి ఆర్4 మూడు హాప్‌ల అవతల ఆర్1నే పట్టుకుంది, ఎందుకంటే 20 కన్నా 21 ఎక్కువ, అంతే. మెట్రిక్‌లు సమానమైతేనే ఏఎస్‌బీఆర్ దాకా దూరం చూస్తుంది. ఎగ్జిట్ పాయింట్లు ఒకటి కన్నా ఎక్కువ ఉంటే ఈ1 పెట్టుకోవడమే నయం అని నా ఉద్దేశం.

ఇప్పుడు అసలు మజా. ఆర్6 ప్రిఫిక్స్‌ని 198.51.100.0/24కి మార్చి, ఏరియా 1ని ఎన్ఎస్ఎస్ఏ (టైప్ 5లని రానివ్వకుండా, తన బయటి రూట్లని టైప్ 7గా వేసే ఏరియా) చేశా. ఆర్1, ఆర్2, ఆర్5 మూడింట్లోనూ పెట్టాలి, ఒక్కదాంట్లో లేకపోయినా పక్క రౌటర్లని పలకరించే హలో ప్యాకెట్లో ఆప్షన్ బిట్లు కలవక నైబర్‌షిప్ రాదు. ఆర్1 ఇప్పుడు టైప్ 7 వేస్తోంది, ఫార్వర్డింగ్ అడ్రస్‌లో సున్నాల బదులు తన ఇంటర్‌ఫేస్ అడ్రస్ 10.1.12.1. ఆర్6 రూట్ ఏరియా 1లోకి రావడం ఆగిపోయింది, టైప్ 5లకి అక్కడ ప్రవేశం లేదు కాబట్టి, బయటికి వెళ్ళడానికి డిఫాల్ట్ రూట్ మనమే ఇప్పించాలి.

టైప్ 7ని టైప్ 5గా మార్చే పని ఏబీఆర్‌లలో ఒక్కరిదే, ఆర్ఎఫ్‌సీ 3101 (ఎన్ఎస్ఎస్ఏ ప్రమాణ పత్రం) ప్రకారం రౌటర్ ఐడీ పెద్దదున్నవాళ్ళది. అంటే 5.5.5.5, అదీ కాస్ట్ 50 ఉన్న దారి. ఏరియా 0లో అడ్వర్టైజింగ్ రౌటర్ 5.5.5.5 అనే ఉంది, ట్రాఫిక్ అంతా అటే పోతుందేమో అనిపిస్తుంది, కానీ ఆర్3లో షో ఐపీ రూట్ కొడితే నెక్స్ట్ హాప్ ఆర్2! ఫార్వర్డింగ్ అడ్రస్ ఉన్నప్పుడు లెక్క కట్టేది ఆ అడ్రస్‌ దాకా ఉన్న దారికి, ఎల్ఎస్ఏ వేసినవాళ్ళ దాకా కాదు. ట్రాన్స్‌లేటర్ వార్త మోస్తాడు, ప్యాకెట్లు మోయడు.

దీన్ని కావాలనే విరగ్గొట్టి చూశా. ఆర్2, ఆర్5 రెండింట్లోనూ ఏరియా 1 రేంజ్ 10.1.0.0/16 నాట్ అడ్వర్టైజ్ (ఆ అడ్రస్‌లని ఏరియా బయట చెప్పొద్దని) పెడితే ఆర్3 డేటాబేస్‌లో టైప్ 5 దర్జాగా ఉంది, రూటింగ్ టేబుల్‌లో మాత్రం లేదు. ఫార్వర్డింగ్ అడ్రస్‌కి ఓఎస్‌పీఎఫ్ లోపలి రూట్ దొరక్కపోతే ఆ ఎల్ఎస్ఏని లెక్కలోకే తీసుకోకూడదని ఓఎస్‌పీఎఫ్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 2328లోనే ఉంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, "డేటాబేస్‌లో ఉంది కదా" అని గంటలు వెతుక్కునే రకం ఇది. ఆర్5లో ఎన్ఎస్ఎస్ఏ సప్రెస్ ఎఫ్ఏ (ఫార్వర్డింగ్ అడ్రస్ తీసేసే సెట్టింగ్) ఆన్ చేస్తే అడ్రస్ 0.0.0.0 అయి రూట్ తిరిగొచ్చింది, కాకపోతే ఈసారి నిజంగానే ఆర్5 మీదుగా, 50 కాస్ట్ దారిలో.

నెక్స్ట్ ఇదే టోపాలజీ మీద ఐఎస్ఐఎస్ (ఇలాంటిదే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్, ఏరియా లోపలిది లెవెల్ 1, ఏరియాల మధ్యది లెవెల్ 2) పెడతా, లెవెల్ 2 నుంచి లెవెల్ 1కి లీక్ చేసిన రూట్ మళ్ళీ పైకి ఎక్కకుండా అప్ డౌన్ బిట్ ఎలా ఆపుతుందో ప్యాకెట్ క్యాప్చర్‌లో చూడాలి.