ఈ మంద ఎక్కడిదని నాన్న అడిగారు

కెనడాలో మేముండే రెజీనాలో మాకు తెలిసినవాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్ళేది పడమటికే. రాకీ కొండల్లోని బాన్ఫ్, లేక్ లూయీస్, జాస్పర్. దారిలో ఉన్న ప్రెయిరీ మైదానాన్ని ఎంత తొందరగా దాటేస్తే అంత మేలన్నట్టు చీకటితోనే బయల్దేరి, కాల్గరీ వచ్చేదాకా బండి ఆపరు. "ఏముంది అక్కడ, అంతా పొలాలేగా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే మా నాన్న వచ్చినప్పుడు జూన్ ఆఖర్లో నేనే పట్టుబట్టి ప్రయాణాన్ని దక్షిణానికి తిప్పాను. అమెరికా సరిహద్దుని ఆనుకుని ఉన్న గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్క్‌కి. నాన్న బతుకంతా పశువుల మధ్య గడిచింది. మంచుకొండల కన్నా నాలుగు కాళ్ళ ప్రాణి కనిపిస్తేనే ఆయన కళ్ళు వెలుగుతాయని నాకు తెలుసు.

మూస్ జా దాటాక చాప్లిన్ దగ్గర హైవే పక్కనే ఉప్పు సరస్సు వస్తుంది. ఒడ్డంతా తెల్లగా పేరుకుని ఉండేది సోడియం సల్ఫేట్. ఆ ఉప్పునీళ్ళలో పెరిగే బుల్లి రొయ్యల కోసం, ఆర్కిటిక్‌కి పోయే పక్షులు వసంతంలో వేలకొద్దీ ఆగుతాయి. మేం వెళ్ళేసరికి ఆ గుంపులు ఎగిరిపోయాయి కానీ ఎవొసెట్లు ఉన్నాయి. ఇటుకరంగు మెడ, బూడిదనీలం కాళ్ళు, పైకి వంపు తిరిగిన సన్నటి ముక్కు. ఆ ముక్కుని నీళ్ళలో అటూ ఇటూ ఊపుకుంటూ మేత వెతుక్కుంటున్నాయి. మా ఆయన "రెండు నిమిషాలే" అని ఆపిన బండి చాలాసేపటిదాకా కదల్లేదు.

స్విఫ్ట్ కరెంట్ అనే ఊళ్ళో పెట్రోల్ నింపుకుని నాలుగో నంబరు హైవే మీద దక్షిణానికి తిరిగాం. అక్కణ్ణుంచి వాల్ మేరీ సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. దారిపొడవునా కరెంటు స్తంభాల మీద స్వెయిన్సన్ గద్దలు. చలికాలం వస్తే ఇవి అర్జెంటీనా దాకా వెళ్తాయి. కింద గట్ల మీద గోఫర్లు, అంటే నేల ఉడుతలు, నిటారుగా నిలబడి వాటిని కనిపెట్టుకుని ఉన్నాయి.

జింకలాంటి ప్రాంగ్‌హార్న్‌ని ముందు చూసింది నాన్నే. ఇక్కడివాళ్ళు ఊరికే యాంటిలోప్ అనేస్తారు గానీ అది ఆ జాతిది కాదు. ఉత్తర అమెరికాలో అంత వేగంగా పరుగెత్తే జంతువు ఇంకొకటి లేదు. మా బండి చూసి పరుగు తీసింది, ముళ్ళకంచె దాకా వచ్చి టక్కున ఆగి, మోకాళ్ళ మీద వంగి కింది తీగ సందులోంచి దూరి అవతలికి పోయింది.

"అంత పరుగెత్తేది ఆ కంచె దూకలేదా?" అన్నారు నాన్న.

దూకడం దానికి అలవాటు లేదు. అడ్డం అన్నదే లేని మైదానంలో వేల ఏళ్ళు పరుగెత్తిన జాతి అది. కంచెలొచ్చి ఎంతకాలమైందని! అందుకే ఈ ప్రాంతంలో పశువుల్ని పెంచే కొందరు రాంచర్లు కింది తీగకి ముళ్ళు లేకుండా, నేలకి కాస్త ఎత్తులో కడుతున్నారు. నాన్నకి ఆ పని బాగా నచ్చింది. తర్వాత వచ్చిన ప్రతి కంచెకీ కింది తీగ ఎలా కట్టారో చూస్తూనే ఉన్నారు.

వాల్ మేరీ చిన్న ఊరు. పార్క్ ఆఫీసులో మ్యాప్ తీసుకుని, ఆ పొద్దున బైసన్ మంద, అంటే ఇక్కడి అడవిదున్నల మంద, ఎటువైపు కనిపించిందో అడిగి బయల్దేరాం. పార్క్‌లోకి వెళ్ళేది కంకర రోడ్డు. ఒకచోట టెక్సాస్ గేట్ వస్తుంది, అంటే రోడ్డుకి అడ్డంగా గుంట తీసి దాని మీద ఇనప గొట్టాలు పరిచింది. బండి దడదడమంటూ దాటుతుంది, పశువు కాలు పెట్టదు. అది దాటగానే పైరుపొలాలు ఉండవు. నాగలి తగలని గడ్డినేల మొదలవుతుంది. బయట నుంచి చూస్తే గోధుమ పొలానికీ దీనికీ తేడా ఏముందనిపిస్తుంది. కిందికి దిగి నిలబడితే తెలుస్తుంది. బ్లూ గ్రామా, స్పియర్ గ్రాస్, వాటి మధ్య బూడిదరంగు సేజ్ పొదలు. సేజ్ ఆకు నలిపితే చేతికి అంటిన ఘాటు సాయంత్రం దాకా వదల్లేదు.

మొదట కనిపించింది ఒంటరి పోతు. రోడ్డుకి కొంచెం దూరంలో పడుకుని ఉంది. పెద్ద రాయేమో అనుకున్నాం, తల తిప్పేదాకా. జూన్ కదా, చలికాలపు బొచ్చు ఇంకా పూర్తిగా ఊడలేదు. వీపు మీద చింకిపాతల్లా వేలాడుతోంది. రాలిన ఆ బొచ్చుని పిట్టలు ఏరుకుపోయి గూళ్ళలో పరుచుకుంటాయి. మగ బైసన్ తొమ్మిది వందల కిలోలు దాటగలదు, గంటకి యాభై కిలోమీటర్లకి పైగా పరుగెత్తగలదు. కనీసం వంద మీటర్ల దూరం ఉండాలన్నది పార్క్ నియమం. మేం బండి ఆపి, అద్దం సగం దించి, లోపలే కూర్చున్నాం.

నాన్న దాన్ని చూస్తున్న తీరు నేను చూస్తూ ఉండిపోయాను. "దాని తోక మీద కన్నేసి ఉంచండి అల్లుడుగారూ. తోక లేపిందంటే మనం కదిలిపోవాలి" అన్నారు. ఆయన ఆ జంతువుని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పార్క్ వాళ్ళిచ్చిన కాగితంలోనూ సరిగ్గా అదే రాసి ఉంది. అది లేచింది, రెండడుగులు వేసి, వట్టి మట్టి గుంటలో పడి దొర్లింది. దుమ్ము మేఘంలా లేచింది. ఈగలూ దోమలూ వదిలించుకోవడానికి తరతరాలుగా అలా దొర్లిన గుంటలు మైదానమంతా ఉన్నాయి. వానొస్తే వాటిలో నీళ్ళు నిలుస్తాయి, చుట్టూ వేరేరకం మొక్కలు మొలుస్తాయి.

మంద ఫ్రెంచ్‌మన్ నది లోయలో దొరికింది. ఆవులూ, నారింజ కలిసిన ఎరుపు దూడలూ. గాలి మా వైపు తిరిగినప్పుడు వాటి హూంకారం వినిపించింది, చాలా తిరగళ్ళు ఒక్కసారి తిప్పుతున్నట్టు. కాళ్ళ చుట్టూ కౌబర్డ్ పిట్టలు, గడ్డిలోంచి లేచే పురుగుల కోసం. ఒక దూడ తల్లి పొట్ట కింద తలతో కుమ్మి కుమ్మి పాలు తాగుతుంటే నాన్న బైనాక్యులర్స్ దించలేదు.

కాసేపటికి అడిగారు, "అమ్మాయ్, ఈ మంద ఎక్కడిది?"

ఇక్కడిదే అనేస్తే అయిపోయేది. కానీ ఆయన అడిగింది పశువు కొనేవాడు అడిగే ప్రశ్న. తల్లి ఎవరు, ఎవరి కొట్టంలోంచి వచ్చింది అని. నాకు తెలిసినదంతా అక్కడే, బండిలో కూర్చుని చెప్పాను.

ఈ ఖండం మీద ఒకప్పుడు కోట్లలో తిరిగిన బైసన్ 19వ శతాబ్దం చివరికి వెయ్యి కూడా మిగల్లేదు. తోళ్ళ కోసం చంపారు. వాటి మీదే బతికే జాతుల్ని లొంగదీయడానికీ ఆ నాశనం పనికొచ్చింది. అమెరికా సైన్యంతో జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం తర్వాత లకోటా జాతి నాయకుడు సిట్టింగ్ బుల్ తన జనంతో ఇక్కడికి తూర్పున వుడ్ మౌంటెన్ ప్రాంతానికే వచ్చి తలదాచుకున్నాడు. వేట లేక, ఆకలికి తట్టుకోలేక 1881లో వెనక్కి వెళ్ళి లొంగిపోయాడు. తర్వాత ఈ మైదానంలో మిగిలింది ఎముకలే. వాటిని కూడా ఏరి, రెజీనాలో రైలు పట్టాల పక్కన గుట్టలు పోసి, ఎరువుకీ పంచదార శుద్ధికీ పంపేశారు. మేమున్న ఊరు అది. ఆ సంగతి చెప్తుంటే నా గొంతు కొంచెం మారింది.

ఈ మందకి తల్లివేరు అమెరికాలోని మోంటానాలో ఉంది. 1870ల్లో అక్కడి స్థానిక జాతులవాళ్ళు కొన్ని దూడల్ని కొండలు దాటించి ఫ్లాట్‌హెడ్ లోయకి తెచ్చుకున్నారు. వాటిని మిషెల్ పాబ్లో, చార్లెస్ అల్లార్డ్ అనే ఇద్దరు కొని, పెంచి, వందలు చేశారు. మేత భూముల్ని వలసదారులకి పంచేస్తున్నారని తెలిసి పాబ్లో మందని అమ్మజూపితే అమెరికా ప్రభుత్వం కొనలేదు, కెనడా కొంది. 1907లో మొదలుపెట్టి వాటిని పట్టి రైలెక్కించి తేవడానికి 1912 దాకా పట్టింది. మొదట దించింది ఎడ్మంటన్ దగ్గరి ఎల్క్ ఐలండ్‌లో. తర్వాత చాలావాటిని వెయిన్‌రైట్‌కి తరలించారు. చేతికి చిక్కకుండా ఎల్క్ ఐలండ్‌లోనే ఉండిపోయిన కొన్నిటి సంతతే ఇప్పటి అక్కడి మంద. 2005 డిసెంబరులో ఆ మందలోంచి డెబ్భై ఒక్క బైసన్‌ని ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడు వందల్లో ఉన్నాయి.

నాన్న అంతా విని, "చేతికి చిక్కనివే వంశం నిలబెట్టాయన్నమాట" అన్నారు.

ఆ తర్వాత ప్రెయిరీ డాగ్‌ల బొరియలుండే డాగ్ టౌన్‌కి వెళ్ళాం. కెనడా మొత్తంలో బ్లాక్‌టెయిల్డ్ ప్రెయిరీ డాగ్‌లు సహజంగా బతుకుతున్నది ఈ పార్క్‌లోనూ, దాని చుట్టుపక్కలా మాత్రమే. ఉడుత కుటుంబానికి చెందిన బొద్దు ప్రాణులు. బొరియ గట్టు మీద నిలబడి ఒకటి ఒళ్ళంతా వెనక్కి విరుచుకుని ఎగిరి అరిస్తే పక్కది అందుకుంటుంది, దాని పక్కది అందుకుంటుంది. ఇవి గడ్డిని కురచగా కొరికేస్తాయి. అక్కడ మళ్ళీ మొలిచే లేత గడ్డి కోసం బైసన్ వస్తుంది. బైసన్ మేసిన చోట ఎత్తు తగ్గిన గడ్డిలో ప్రెయిరీ డాగ్‌కి శత్రువు దూరం నుంచే కనిపిస్తాడు. ఖాళీ బొరియల్లో గుడ్లగూబ కాపురం పెడుతుంది. అవును, గుడ్లగూబే. బరోయింగ్ అవ్ల్, పొడుగు కాళ్ళతో, పట్టపగలు నేల మీద నిలబడి మమ్మల్ని చూసింది. కెనడాలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షి. దాని పిల్లలు బొరియలో బెదిరితే గిలకపాములా శబ్దం చేస్తాయి. ఆ రాటిల్‌స్నేక్‌లూ ఇక్కడే ఉన్నాయి. గడ్డి తీసేస్తే వీటిలో ఏదీ లేదు. పొలాలేగా అనే మా స్నేహితులకి ఈ గుడ్లగూబనొక్కదాన్ని చూపించాలని ఎంత అనిపించిందో.

స్విఫ్ట్ ఫాక్స్ మాత్రం కనిపించలేదు. 1930ల నాటికి కెనడాలో లేకుండా పోయి, 1983 నుంచి మళ్ళీ వదులుతూ వస్తే నిలదొక్కుకున్న చిన్న నక్క. రాత్రి తిరిగే ప్రాణి, కనబడితే అదృష్టమే. తోడేళ్ళలాంటి కొయోట్ల అరుపులు మాత్రం చీకటి పడ్డాక విన్నాం.

నాన్న అడిగిన ప్రశ్నకి మిగతా సగం జవాబు సస్కటూన్ పక్కన ఉందని, తిరుగు ప్రయాణాన్ని అటు మళ్ళించాం. అక్కడి వనుస్కేవిన్ అనే పార్క్‌లో మనుషులు ఆరువేల ఏళ్ళకి పైగా బైసన్ వేటాడుతూ, పూజిస్తూ బతికారు. 2019 డిసెంబరులో అక్కడికి బైసన్‌ని తిరిగి తెచ్చారు. అందులో కొన్ని దూడలు గ్రాస్‌లాండ్స్ మందలోవే. మరుసటి వేసవి, 2020లో, ఆ బైసన్ దొర్లే మట్టిలోంచి ఒక రాయి పైకి తేలింది. దాని మీద గాడి చూసి అక్కడి పురావస్తు శాస్త్రవేత్త ఎర్నీ వాకర్ మట్టి తుడిచి చూస్తే, మనుషులు చెక్కిన బైసన్ పక్కటెముకలు. వెతికితే అలా చెక్కిన రాళ్ళు మొత్తం నాలుగు దొరికాయి. ఏళ్ళ తరబడి తవ్వకాలు చేస్తున్నవాళ్ళకి దొరకని రాళ్ళని ఈ పశువులు వచ్చిన ఏడాదిలోపే పైకి తీశాయి. దూరంగా వాలు మీద మేస్తున్న మందని చూస్తూ ఇదంతా చెప్పాను. నాన్న నమస్కారం పెట్టారు. రాయికో, బైసన్‌కో, నేను అడగలేదు.

మీరు వెళ్తే పెట్రోల్ స్విఫ్ట్ కరెంట్‌లోనే నింపుకోండి, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. పార్క్‌లో చెట్టునీడ దాదాపు లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. పెద్దవాళ్ళు నడవలేకపోయినా బెంగ లేదు, కారులోంచే చాలా కనిపిస్తాయి. గడ్డిలో నడిస్తే చీలమండలు కప్పే బూట్లు వేసుకోండి, తర్వాత ఒంటి మీద పిడుదులున్నాయేమో చూసుకోండి. జూలై, ఆగస్టు బైసన్ ఎదకొచ్చే కాలం, పోతులు పోట్లాటల మీద ఉంటాయి, ఇంకా దూరంగా ఉండాలి. పొద్దుగూకాక హైవే మీద జింకలు అడ్డొస్తాయి, అది మరిచిపోవద్దు.

నాన్న అక్టోబరు దాకా ఉంటారు. సెప్టెంబరులో లాస్ట్ మౌంటెన్ లేక్‌కి తీసుకెళ్ళాలి. 1887లో ఉత్తర అమెరికా మొత్తానికీ మొట్టమొదటి పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది ఆ సరస్సు ఉత్తరపు ఒడ్డునే. శాండ్‌హిల్ క్రేన్‌లనే కొంగలు రాత్రంతా నీళ్ళలో నిలబడి, తెల్లారగానే పొలాల మీదికి లేస్తాయట అని చెప్పినప్పటి నుంచి, మనం ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలని అడుగుతున్నారు.